పసుపుకొమ్ము వాతలు

"అమ్మా, మీ అబ్బాయికి చిన్నప్పుడు కడుపు మీద వాతలు పెట్టారా?" పరాయి దేశపు జడ్జి అడిగిన ప్రశ్నను కంప్యూటర్ తెర మీది దుబాసీ తెలుగులో చెప్పింది.

పెద్దవంగరలో వకీలు గదిలో సోమ్లీ ఆ తెర ముందు కూర్చుని ఉంది. ఆ తెర మీదే కొడుకు శివాజీ కూడా ఉన్నాడు. ఇక్కడి ఠాణాలో పోలీసులు ఒళ్లు కాల్చారని, తిరిగి పంపితే బతకనివ్వరని ఆ దేశంలో ఆశ్రయం అడిగాడు. ఒంటి మీది మచ్చలన్నీ నాటు వైద్యం వాతలేనంటూ అక్కడి అధికారులు ఆశ్రయం ఇవ్వమన్నారు. అది న్యాయమో కాదో ఇవాళ కోర్టు తేలుస్తుంది.

వాతలు పెట్టింది నిజమే. పసివాడు ఊపిరాడక ఎగబీలుస్తుంటే పసుపుకొమ్ము కాల్చి బొడ్డు చుట్టూ అంటించింది. తండాకొచ్చే ఆసుపత్రి నర్సమ్మ వాతలు పెట్టావా అని గద్దించినప్పుడల్లా లేదనే చెప్పింది. ఇప్పుడు ఔనంటే కొడుకును తానే పోలీసులకు అప్పజెప్పినట్టు.

"లేదు సారూ. నేను పెట్టలే. అన్నీ పోలీసులు కాల్చినయే."

శివాజీ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

పక్కనున్న వకీలు గొంతు తగ్గించాడు. "ఉన్నదున్నట్టు చెప్పుమంటి గద అవ్వా! కడుపు మీదియి మా అవ్వ పెట్టినయి, వీపు మీదియే పోలీసులయి అని శివాజీ మొదటిసంది చెప్తుండు. గది నిజమని చెప్తవనే నిన్ను పిలిపిచ్చిండు."

సోమ్లీ లేచి తెరను రెండు చేతులా పట్టుకుంది. "నేనే పెట్టిన సారూ! కడుపు మీదియి నాయే!"

అవతలి ప్రభుత్వ వకీలు ఒక్క మాటే అడిగాడు. దుబాసీ నెమ్మదిగా తెలుగు చేసింది.

"ఇందాక చెప్పింది అబద్ధమా అమ్మా, ఇప్పుడు చెబుతున్నదా?"