వెనక గేటు తాళం

"ఐలయ్య గారూ, గేటు తీయండి" అని ఎస్తేరు మూడోసారి పిలిచింది. వాన దంచి కొడుతోంది. ఊచల అవతల, గొడుగు కింద కూర్చున్న సెక్యూరిటీ గార్డు ఐలయ్య తాపీగా లేచాడు.

"వస్తున్న మేడమ్. జర ఆగుండ్రి."

రోజూ ఇదే వరస. కోకాపేటలోని ఆ ఆఫీసు టవరుకు ముందువైపు పదకొండు మెట్లు. చక్రాల కుర్చీలో వచ్చే తమలాంటివాళ్లకు ర్యాంపు కావాలని ఎస్తేరు, ఆమె బృందం రెండేళ్లు చక్రాలరిగేలా తిరిగితే, యాజమాన్యం వెనకవైపు ర్యాంపు కట్టించి, దాని గేటుకు తాళం వేయించింది. ఆ తాళంచెవి ఐలయ్య దగ్గరుంటుంది.

అతను గేటు తీసి, ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. వేరే గార్డులైతే కుర్చీని ర్యాంపు మీదికి నెడతారు. ఇతను ఏనాడూ చెయ్యి వేసిన పాపాన పోలేదు. తనలాంటివాళ్లంటే ఇతనికి చులకనని ఎస్తేరు ఎప్పుడో తేల్చేసుకుంది.

పైకి చేరేసరికి క్లయింటు మీటింగ్ సగమైపోయింది. తడిసి ముద్దయి వచ్చిన ఆమెను చూసి మేనేజరు, "ఈ నెలలో ఇది నాలుగోసారి. ఇంకోసారి ఆలస్యమైతే ప్రాజెక్టులోంచి తప్పించక తప్పదు" అన్నాడు.

ఎస్తేరుకు ఒళ్లు మండిపోయింది. బిల్డింగు నిర్వహణ చూసే రోహిత్‌కు అప్పటికప్పుడే ఫోన్ చేసింది.

"మీ గార్డుకి కుర్చీలోంచి లేవడానికే బద్ధకమండీ. మేమంటే అంత లోకువా? రేపు మా వాళ్లందరం వచ్చి గేటు దగ్గరే కూర్చుంటాం."

"అంత దూరం వద్దు మేడమ్. నేను చూసుకుంటా."

మర్నాడు కొత్త గార్డు పరుగున వచ్చి తాళం తీశాడు, కుర్చీ నెట్టాడు. ఆమె ఫిర్యాదు ఒక్కరోజులో పనిచేయడం ఇదే మొదలు. సంగతి వాట్సాప్‌లో పెడితే బృందమంతా శభాష్ అన్నారు. ఎస్తేరుకు చాలా రోజుల తర్వాత మనసు తేలికపడింది.

మధ్యాహ్నం, ఆ అంతస్తు ఊడ్చే రాజమ్మ ఆమె బల్ల దగ్గర ఆగింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఐలయ్య మా ఇంటాయననే మేడమ్. నౌకరి తీసేసిండ్రు."

ఎస్తేరు కుర్చీని ఆమె వైపు తిప్పింది. "నాకు తెలీదు రాజమ్మా. అయినా రోజూ అంత ఆలస్యం చేస్తే ఎలా? నువ్వైనా చెప్పాల్సింది."

"చెప్పిన. మీకు అసలు సంగతి చెప్పుమని గూడ చెప్పిన. వద్దన్నడు. ఏజెన్సోళ్లకు తెలిస్తే నౌకరి పోతదని ఆయన ఫికర్. ఇగ పోనే పోయింది, దాచేదేముంది."

"ఏ సంగతి?"

"ఆయనకున్నది ఒక్క కాలే మేడమ్. ఇంకోటి ప్యాంటు లోపల పెట్టుడు కాలు."