ఆలస్యం నాదే

"మీ చేతుల్లో ఎప్పుడైనా ఆపరేషన్ వికటించిందా, డాక్టరు గారూ?"

వెన్నెముక సర్జన్ చేతిలో పెన్ను ఆగిపోయింది. అప్పటికే అతను వేరే ఆసుపత్రికి సిఫారసు ఉత్తరం సగం రాసేశాడు.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ తెచ్చిన స్కాన్ గోడమీది లైటు పెట్టెకు వేలాడుతోంది. వెన్నుపాముకు ఆనుకుని బఠాణీ గింజంత గడ్డ. ఆవిడ ఎడమకాలు ఇప్పటికే ఈడుస్తోంది. వదిలేస్తే ఆరు నెలల్లో మంచాన పడుతుంది. తీసేటప్పుడు చెయ్యి ఏమాత్రం తప్పినా ఆ రోజే పడుతుంది.

ఇలాంటి గడ్డలు తీయడంలో ఒకప్పుడు అతనిది పెట్టింది పేరు. అతని మీద వేసిన కేసులో కోర్టు తీర్పు వచ్చి ఏడాదైంది. అప్పట్నుంచీ చిన్నాచితకా ఆపరేషన్లతోనే కాలక్షేపం చేస్తున్నాడు. కష్టమైన కేసు గుమ్మం ఎక్కితే చాలు, పెన్ను దానంతటదే సిఫారసు కాగితం మీదికి పోతుంది. ఆసుపత్రి లాయరు కూడా అదే నూరిపోశాడు. "ఊఁ అనండి, ఆఁ అనండి. అంతకుమించి నోరు విప్పకండి."

"ఎందుకడుగుతున్నారమ్మా?" అన్నాడు జాగ్రత్తగా. ఏ వకీలో పంపితే వచ్చిందేమోనని అతని అనుమానం. ఆవిడ ఒళ్లో చిన్న నోటు పుస్తకం కూడా ఉంది మరి.

"రెండు చోట్ల ఇదే అడిగాను. మా చేతుల్లో ఇంతవరకూ ఒక్క పొరపాటూ జరగలేదన్నారు ఇద్దరూ. భయమేసి లేచొచ్చేశాను."

సర్జన్‌కు ఫక్కున నవ్వొచ్చింది. ఆ గదిలో అతను నవ్వి చాన్నాళ్లయింది. ఆ నవ్వుతో పాటే లాయరు నూరిపోసిందంతా గాలికి పోయింది.

"ఒకసారి అయిందమ్మా. ఆపరేషన్ బాగానే జరిగింది. సాయంత్రం ఆ పేషెంటు కాళ్లు మొద్దుబారుతున్నాయన్నాడు. మత్తు ఇంకా దిగలేదేమో, పొద్దున చూద్దాంలే అనుకున్నాను. లోపల నెత్తురు గడ్డకట్టి నరాలను నొక్కేస్తోంది. పొద్దున తీశాను గానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఇప్పుడు రెండు కర్రల మీద నడుస్తున్నాడు. కేసు వేశారు. ఓడిపోయాను."

"తప్పు మీదేనా?"

ఈ ప్రశ్నకు కోర్టులో నాలుగేళ్లు అతని చేత మెలికల జవాబులు చెప్పించారు. ఇప్పుడు మాత్రం ఒక్క మాటే వచ్చింది.

"నాదే. ఆ పొద్దునే పేషెంటు కేసు షీటులో నా చేత్తో రాశాను, 'సాయంత్రమే తెరవాల్సింది, ఆలస్యం నాదే' అని. ఆ కాగితం మార్చి పెట్టమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. మనసొప్పలేదు. చివరికి ఆ ముక్కతోనే మునిగాను."

"ఎవరు పట్టుకున్నారు దాన్ని?"

"కోర్టు వాళ్లు అడిగిన నిపుణుడెవరోనట. కాగితాలన్నీ చదివి పదకొండు పేజీల నివేదిక ఇచ్చాడు. పేరు బయటపెట్టరు. బట్టతల, బంగారు ఫ్రేము కళ్లజోడు ఉంటాయని ఊహించుకుని రోజూ తిట్టుకునేవాణ్ని, ఆ మహానుభావుణ్ని."

"ఇంకా కోపమేనా?"

"పోయిందమ్మా. ఒక్క అక్షరం అబద్ధం రాయలేదు. కాకపోతే, నేనేదీ దాచలేదన్న సంగతి కూడా ఓ ముక్క రాసుంటే నా ప్రాణం కాస్త కుదుటపడేది."

పెద్దావిడ చూపు స్కాన్ వైపు తిప్పుకుంది. "అడిగినదానికే జవాబు రాయమన్నారేమో, పాపం."

"మీరేం ఉద్యోగం చేసేవారు?"

"పాఠాలు చెప్పేదాన్ని. జవాబు పత్రాలు దిద్ది దిద్ది కళ్లు పోయాయి." ఆవిడ నోటు పుస్తకం తెరిచింది. "సరే గానీ, ఆపరేషన్ అయిన సాయంత్రం నా కాలు మొద్దుబారిందని చెప్పాననుకోండి. ఏం చేస్తారు?"

"మత్తు అనుకోను. అప్పటికప్పుడు స్కాన్ తీయించి లోపలికి తీసుకెళ్తాను. అసలు ఆ రోజు ఇంటికే వెళ్లను, మీ గది బయటే కుర్చీ వేసుకుంటాను."

అనేశాక గానీ తను దేనికి ఒప్పుకున్నాడో అతనికి తెలిసి రాలేదు. చేతుల వంక చూసుకున్నాడు. అవి నిలకడగానే ఉన్నాయి.

"అంత చేసినా నా కాలు రాకపోతే?"

"అదీ నేనే వచ్చి చెప్తాను. ముందు మీకు చెప్పి, తర్వాత షీటులో రాస్తాను."

ఆవిడ పుస్తకంలో టిక్కు పెట్టుకుని మూసేసింది. "తప్పే చేయనివాడు నాకెక్కడ దొరుకుతాడు? చేస్తే చేశానని చెప్పేవాడు చాలు. తేదీ చెప్పండి."

సర్జన్ సిఫారసు ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశాడు. ఏడాదిగా గుండెల మీదున్న బరువు దిగినట్టయింది.

"సోమవారం. కానీ ఒక్కటి చెప్పండమ్మా. ఇంతమంది సర్జన్లుండగా, పెద్ద ఆపరేషన్లు మానుకుని కూర్చున్న నా దగ్గరికి మిమ్మల్ని ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు," అంటూ ఆవిడ బల్ల అంచు పట్టుకుని నెమ్మదిగా లేచింది.

"నేను పాఠాలు చెప్పింది మెడికల్ కాలేజీలో. ఆ నివేదిక రాసింది నేనే, బాబూ."