రెండో బంతికి రండి

పాలు కాచకుండానే చీజ్ చేస్తానని మేక పంతం పట్టింది.

"పచ్చిపాలల్లో క్రిములు చొరబడతాయి. నేనుండగా ఎవడొస్తాడో చూస్తా!" అంటూ కుక్క కుండ పక్కనే కాపలా కూర్చుంది.

మేక నవ్వి, నిన్నటి పెరుగు ఓ చెంచా తీసి పాలల్లో తోడేసింది. ఆ పెరుగులోని తోడుక్రిములు పిల్లాజెల్లాతో దిగి, పెళ్లిభోజనాల్లోలాగా బంతి కట్టి పాలల్లోని తీపినంతా తినడం మొదలెట్టాయి.

ఇంతలో ఓ రోగపు క్రిమి ఈగ కాలు పట్టుకుని వచ్చింది. కుక్క ఈగ మీద మొరిగింది గానీ కాలికున్న శాల్తీని చూడలేదు. క్రిమి కుండలోకి దూకింది.

"లేవండ్రా! నేనెవరో తెలుసా? ఊళ్లకి ఊళ్లే మంచాన పడేశాను!"

"అలాగా బాబాయ్," అంది ఓ తోడుక్రిమి, నమలడం ఆపకుండా. "ఈ బంతి నిండిపోయింది. రెండో బంతికి కూర్చుందురుగాని."

క్రిమి మీసం దువ్వుకుంటూ ఓ వార నిలబడింది. తీరా దాని వంతు వచ్చేసరికి పాలల్లో తీపి లేదు, అంతా పులుపే. ఆ పులుపుకి కళ్లు తిరిగి అక్కడే కూలబడింది.

చీజ్ చక్కగా కుదిరింది. కుక్క ఛాతీ విరుచుకుంది. "చూశావా వదినా, నా కాపలా! ఒక్క క్రిమీ రాలేదు."

"నిజమే మరిదీ," అంటూ మేక రేపటి కాపలాకి పెరుగు ఓ చెంచా పక్కన పెట్టుకుంది.