కామెడీ సీను

నంద్యాల థియేటర్లో జనం పగలబడి నవ్వుతున్నారు. అల్తాఫ్ తన చిన్నతనం మీదే తీసిన సినిమా అది. తెర మీద, సున్తీకి భయపడి పారిపోయిన పిల్లాడు ఆళ్లగడ్డ శిల్పుల షెడ్డు వెనక రాళ్ల గుట్టెక్కి దాక్కున్నాడు. వెంటపడి ఎక్కిన తమ్ముడు "అమ్మా, ఈడుండాడు!" అని అరవబోతే ఒక్క తోపు తోశాడు. తమ్ముడు దొర్లుకుంటూ కింద పడ్డాడు. హాలంతా ఈలలు.

తల్లి జైనాబీ నవ్వు ఆగిపోయింది. పక్క సీట్లో, చంకకర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్న చిన్నకొడుకు అజ్మల్ వైపు తిరిగింది.

"నువ్వే జారి పడినానంటివి కదరా?"

"ఇప్పుడెందుకుమా అది?"

"ఎక్కొద్దంటే ఎక్కినావని, ఇరిగిన కాలు మీదనే కొడితి కదరా నిన్ను!"

ఇటుపక్క నుంచి అల్తాఫ్ వంగాడు. "ఏడుపు మొగం పెట్టాకుమా. అందరూ మనల్నే చూస్తాండారు."

"వీని కాలిరిగింది సూపించవేమిరా?"

"సూపిస్తే ఎవురు నవ్వుతారుమా?"

తెర మీద తమ్ముడు లేచి, నిక్కరు దులుపుకుని, ఒకటే పరుగు తీశాడు.

అజ్మల్ తెర మీంచి కళ్లు తిప్పకుండానే తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"చూడుమా, నేనెట్లా ఉరుకుతాండానో!"