ఉల్లిపాయకు భోజనం

"నిన్న మా ఆయన్ని తరిగి, ఉల్లిపాయకు భోజనం పెట్టాను."

వెనక బెంచీలోని పెద్దావిడ మాటకు క్లాసంతా గొల్లుమంది.

పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళకు ఆ ఊరి భాష నేర్పే సాయంత్రం క్లాసు అది. ఆ రోజు పాఠం వంటింటి కొత్త మాటలు, వాటికి భూతకాలం.

"కాదు పిన్నిగారూ!" చేరిన నాటినుంచీ పెదవి విప్పని లారీ డ్రైవరు లేచాడు. "ఉల్లిపాయను తరిగారు. మీ ఆయనకు భోజనం పెట్టారు!"

అన్నది కొత్త భాషలోనే!

"ముందు ఆయన ఉన్నాడో పోయాడో అడుగన్నా," అంది నర్సు, అదే భాషలో.

"ఉన్నాడమ్మా, పొయ్యి మీద!" అంది పెద్దావిడ.

మళ్ళీ నవ్వులు.

కుర్ర మాస్టారికి మాత్రం ఒళ్ళు మండింది. ముందు మాటలు, తర్వాత వ్యాకరణం, చివర్న మాట్లాడటం అని ఆదివారమంతా కూర్చుని వేసుకున్న ప్లాను. ఈవిడ నోరు తెరిస్తే చాలు, మట్టిగొట్టుకుపోతోంది.

క్లాసు అయ్యాక ఆవిణ్ణి ఆపాడు.

"అమ్మా, రేపు పెద్దసారు తనిఖీకి వస్తారు. క్లాసు నచ్చితేనే నా ఉద్యోగం ఖాయం. రేపటినుంచి మీరు అక్షరాల క్లాసుకు వెళ్ళండి."

"నేను పోతే సందడి తగ్గుతుందేమో నాయనా?"

"నాకు కావలసింది పాఠం. సందడి కాదు."

ఆవిడ నవ్వి సంచీ సర్దుకుంది.

మర్నాడు పెద్దసారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

"నిన్న ఏం చేశారు?" కొత్త భాషలో అడిగాడు మాస్టారు.

డ్రైవరు ఫ్యాను వంక చూశాడు. నర్సు కళ్ళజోడు తుడుచుకుంది.

"మీరు చెప్పండి, టైలరుగారూ!"

"తరిగాను."

"ఏం తరిగారు?"

టైలరు మాస్టారి వంక జాలిగా చూశాడు. ఆ తర్వాత ఎవరి నోటినుంచీ ముక్క ఊడిపడలేదు.

గంట కొట్టగానే అందరూ బతుకుజీవుడా అని బయటపడ్డారు.

"ఇలా అయితే నిన్ను ఉంచడం కష్టమయ్యా," అంటూ లేచాడు పెద్దసారు. "అవునూ, ఇక్కడ ఒక పెద్దావిడ ఉండాలే?"

"అక్షరాల క్లాసుకు పొమ్మన్నానండీ. ఒక్క వాక్యం తిన్నగా రాదు. మీ ముందు పరువు పోతుందని..."

"అక్కడుందా మరి?"

"లేదండీ. పొద్దున్నే కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందట. ఇక రాదట."

పెద్దసారు మళ్ళీ బెంచీ మీద కూలబడ్డాడు.

"జన్మంతా ఈ భాషే చెప్పిన పంతులమ్మయ్యా ఆవిడ! నేను కొత్తగా చేరినప్పుడు నా క్లాసులోనూ ఇలాగే తప్పులు మాట్లాడి, అందరి నోళ్ళూ తెరిపించి, నా ఉద్యోగం నిలబెట్టింది."