హీరోగారి జోడీ

హీరో కొట్టిన బంతి మళ్ళీ పొదల్లోకే పోయింది.

కర్ర విసిరికొట్టాడు. అసలే కోపం ముక్కుమీదుండే మనిషి.

సినిమావాళ్ళకూ ప్రొఫెషనల్ గోల్ఫ్ ఆటగాళ్ళకూ జోడీ కట్టి రెండు రోజులు ఆడించే పోటీ అది. రేపటి ఆట టీవీలో వస్తుంది. వరసగా మూడు సినిమాలు పోయిన హీరోకి ఆ టీవీలో కనబడటం ప్రాణంతో సమానం. పక్కన ఛాంపియన్ ఉంటాడని అందరికీ చెప్పుకున్నాడు కూడా.

తీరా వచ్చి చూస్తే, జోడీగా ఇచ్చింది ఎవరూ పేరు వినని ఒక బట్టతలాయన్ని. వెలిసిపోయిన చొక్కా, అరిగిన బూట్లు. పొద్దుటినుంచీ ఆయన్ని చూస్తేనే హీరోకి ఒళ్ళు మంట.

తల ఎత్తకుండా కొడితే బంతి నేరుగా పోతుందని ఆయన నెమ్మదిగా చెప్పాడు.

"నువ్వా నాకు చెప్పేది?" అన్నాడు హీరో.

ఆయన పొదల్లోకి వెళ్ళి తనే బంతి వెతికిపెట్టాడు.

హీరో అటూ ఇటూ చూసి, ఆ బంతిని బూటుతో గడ్డి బాగున్న చోటికి నెట్టాడు.

"అలా జరపకూడదు సార్. ఉన్నచోటే పెట్టండి. అక్కణ్ణించి కూడా కొట్టొచ్చు, నేను చూపిస్తాను."

అంతే, హీరోకి అరికాలి మంట నెత్తికెక్కింది. జనం వింటున్నారని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాడు. గెలిచిన కప్పు ఒక్కటైనా ఉందా అన్నాడు. తన పక్కన నిలబడే మొహమేనా అన్నాడు. చివరికి వేలెత్తి దారి చూపించాడు.

"పో. రేపు నాకు కనిపించకు."

బట్టతలాయన టోపీ తీసి, ఆట ముగిశాక మర్యాదకు ఇచ్చినట్టే చెయ్యి చాపాడు. హీరో అందుకోలేదు. ఆయన సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. చూస్తున్నవాళ్ళకే కడుపు మండింది.

హీరో అదే ఊపులో నిర్వాహకురాలి గదికి వెళ్ళి బల్ల చరిచాడు. రేపటికి తనకు ఛాంపియనే కావాలన్నాడు. కాకపోతే ఆ స్థాయి ఆటగాడు ఇంకెవరైనా సరేనన్నాడు.

"ఎవరూ లేరండీ" అందావిడ, కాగితాలమీంచి తలెత్తకుండానే. "జోడీ లేకపోతే రేపు మీకు ఆట లేదు."

"ముప్పై ఎనిమిదిమంది ఆటగాళ్ళలో ఒక్కడు దొరకడా? ఆ పనికిమాలినవాణ్ణి నా నెత్తిన ఎందుకు రుద్దారు?"

ఆవిడ అప్పుడు తలెత్తింది.

"మేం రుద్దలేదు. పోయినేడు మీ తిట్లు విన్నాక, మీ పేరు చూడగానే ముప్పై ఏడుమంది కుదరదన్నారు. 'కాస్త నేర్పితే బాగా ఆడతాడు, నాకివ్వండి' అని మిమ్మల్ని కోరి తీసుకున్నది ఆయనొక్కడే."