అడ్డంగా పెట్టిన బండి

"పెద్దది నువ్వు తీసుకో. చిన్నది నేను నడుపుతా. దారిలో మార్చుకుందాం," అన్నాడు కార్తీక్ జగన్‌తో.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ సెకండ్ హ్యాండ్ షాపు ముందు రెండు బళ్లు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి కొండలూ గుట్టలూ ఎక్కడానికి చేసిన అడ్వెంచర్ బైక్. భారీ ఒళ్లు, ఎత్తు సీటు, ముందు పొడుగాటి గాలి అద్దం. రెండోది సన్నటిది, దానిలో సగం బరువుంటుందేమో. ఇంటర్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచీ ఇద్దరిదీ ఒకటే కల. ఇలాంటి బళ్ల మీద లడఖ్ వెళ్లాలి. షాపు వెంకట్రావు కార్తీక్ వాళ్ల నాన్నకు తెలిసినాయన. టెస్ట్ రైడ్‌కు రెండు తాళాలూ ఇచ్చేశాడు.

నిజానికి జగన్ బయటికి రావాల్సిన రోజులు కావవి. తెలంగాణ మార్చ్ దగ్గర పడింది. కాలేజీల్లో ఉద్యమం నడుపుతున్న పిల్లల్ని పోలీసులు ముందే పట్టుకుపోతున్నారు. జగన్ గడ్డిఅన్నారంలో చిన్నమ్మ ఇంటి పైగదిలో దాక్కున్నాడు. తల్లి కిష్టమ్మ కూడా అక్కడే ఉంటోంది.

"హెల్మెట్ పెట్టుకుంటే నిన్నెవరు గుర్తుపడతార్రా," అని కార్తీకే ఒప్పించాడు.

కొడుకు కిటికీ తీసినా ఊరుకోని కిష్టమ్మ, ఎందుకో ఈసారి అడ్డం చెప్పలేదు. "పో బిడ్డా, జర గాలి తగులుతది," అంది. దగ్గర కూర్చుని కడుపు నిండా తినిపించి పంపింది.

ట్రాఫిక్‌లో పెద్ద బండి జగన్‌కు చుక్కలు చూపించింది. ఆగిన ప్రతిచోటా మునివేళ్ల మీద నిలబడాల్సి వచ్చింది. కాస్త వంగితే చాలు, బస్తాలా ఒరిగిపోతోంది. ఇంజన్ వేడి పిక్కలకు కొడుతోంది. చైతన్యపురి దాటి రోడ్డు కొంచెం ఖాళీ అయ్యాక మాత్రం మేడ మీద కూర్చుని ఊరు చూస్తున్నట్టనిపించింది.

కొత్తపేటలో మార్చుకున్నారు. చిన్న బండి మీద రెండు పాదాలూ నేలకు ఆనాయి. ఎటు చూస్తే అటు తిరిగింది. బత్తాయిల లారీకీ ఆటోకూ మధ్యలోంచి సులువుగా జారిపోయింది. చాలా రోజుల తర్వాత జగన్ గట్టిగా నవ్వాడు.

"పెద్దది జూసుకోనీకి. గిది నడపనీకి. లడఖ్‌కు గిదే కొనుక్కొని పో రా," అన్నాడు బండి పక్కకు వచ్చి.

"పో ఏంటి? ఇద్దరం కదా వెళ్లేది."

జగన్ యాక్సిలరేటర్ తిప్పాడు.

ఎల్‌బీ నగర్ దగ్గర పడుతుండగా కార్తీక్ వెనక నుంచి కేకేశాడు. "ముందు పోలీసులుంటారు. ఎడమ సందులోకి తిప్పు."

జగన్ తిప్పాడు. సందు చివర జీపు ఉంది. దాని ముందు పోలీసులు ఎదురుచూస్తున్నారు.

కాలు కింద ఆనించి, జగన్ చిన్న బండిని ఉన్నచోటే గిర్రున తిప్పేశాడు. వెనక కార్తీక్ ఉన్నాడు. అతని పక్కన ఈ సన్నటి బండి పట్టేంత సందు ఉంది.

"కార్తీక్, జరుగు."

కార్తీక్ జరగలేదు. పెద్ద బండిని సందుకు అడ్డంగా తిప్పి, స్టాండు వేసి, తాళం తీసి జేబులో పెట్టుకున్నాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా దారి మూసుకుపోయింది.

పోలీసులు జగన్ చేతులు పట్టుకున్నారు. ఎస్సై కార్తీక్ వైపు చూసి, తెలిసినవాడిలా తలూపాడు.

"ఆఖరికి మీ ఆంధ్రోళ్ల దిక్కే నిలబడ్డవ్ కదరా," అన్నాడు జగన్.

కార్తీక్ హెల్మెట్ తీయలేదు. "ఏమన్నా అనుకో. నువ్వు ఆ మార్చ్‌కి వెళ్లకూడదు," అన్నాడు.

స్టేషన్‌లో గోడకానుకుని కూర్చున్నా జగన్‌కు ఆ మాటే వినిపిస్తోంది. ఆంధ్రోళ్లంతా ఒకటేనని కాలేజీలో ఎవరన్నా అంటే కార్తీక్ కోసం కొట్లాడింది తను. తెలంగాణ కోసం క్లాస్‌మేట్ మహేష్ ఒంటికి నిప్పంటించుకున్నప్పుడు, శవం వెంట నడుస్తున్న తన భుజం వదలకుండా పట్టుకున్నది ఈ కార్తీకే. ఆ చెయ్యే ఇవాళ తాళం తీసి జేబులో వేసుకుంది. జగన్‌కు ఏడుపు కూడా రాలేదు.

మరునాడు కిష్టమ్మ టిఫిన్ డబ్బాతో వచ్చింది. మార్చ్ అయ్యాకే వదులుతామని పోలీసులు ఆమెకు చెప్పారు.

"అమ్మా, నన్ను పట్టిచ్చింది వాడే. వాన్ని మన గడప తొక్కనియ్యకు."

కిష్టమ్మ తలెత్తలేదు. అన్నం కలిపి ముద్ద నోటికందించింది.

"ఇంటున్నవా?"

"ఇంటున్న. తిను బిడ్డా."

డబ్బా ఖాళీ అయ్యేదాకా కూర్చుంది. కొడుకు తల నిమిరి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది.

గేటు అవతల ఎండలో కార్తీక్ నిలబడి ఉన్నాడు. "ఎలా ఉన్నాడు పిన్నీ? నన్నేమన్నా అన్నాడా?" అని అడిగాడు.

కిష్టమ్మ అతని రెండు చేతులూ పట్టుకుంది.

"వాని బట్టల్ల పెట్రోలు సీసా దొరికిందని, మార్చ్ అయ్యేదాంక వాన్ని ఎట్లనన్న లోపలేయించమని నీ కాళ్లు మొక్కింది నేనేనని వానికి చెప్పనీకి నాకు నోరు రాలేదు బిడ్డా."